అడుగులకు అరిసెలు

కాలి బొటనవేలు ఎలా కదపాలో చెప్పమంటే మీరేం చెబుతారు? ఎలా ఏమిటి, కదిపితే కదులుతుంది అంటారు. నేనూ అలాగే అనేదాన్ని. అది కదలడం మానేసిన రోజున దాని వైపే చూస్తూ బతిమాలాను, తిట్టాను, చివరికి దానితో మాటలు మానేశాను. అప్పుడు గాని తెలిసిరాలేదు, ఆ విద్య నాకు ఎప్పుడూ రాదని. నా తరఫున లోపల ఎవరో ఆ పని చేసిపెడుతున్నారు. పుట్టినప్పటి నుంచి ఒక్క పూట సెలవు పెట్టకుండా చేశారు. నేను ఒక్కసారైనా పలకరించిన పాపాన పోలేదు.

కరోనాకు రెండు మూడేళ్ళ ముందు మాట ఇది. నేను రాయపూర్‌లో, శంకర్ నగర్‌లోని ఒక ఆఫీసులో పనిచేసేదాన్ని. మా ఆయన సిల్తారాలో ఒక ఉక్కు ఫ్యాక్టరీలో కరెంటు పనులు చూస్తాడు. మాకు పిల్లల్లేరు. నాన్న రైల్వేలో వ్యాగన్లు బాగుచేసే షాపులో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన పోయాక అమ్మ మా దగ్గరే ఉంటోంది. అమ్మది శ్రీకాకుళం వైపు పల్లె. పెళ్ళయి ఈ ఊరొచ్చి జీవితమంతా ఇక్కడే గడిపినా, ఆవిడ వంటింట్లోకి మాత్రం రాయపూర్‌ను రానివ్వలేదు. కూరలబ్బాయితో హిందీ, పొయ్యితో తెలుగు. ఇక నా సంగతంటారా, కోపం ఎక్కువ, ఓపిక తక్కువ. లిఫ్టు కాస్త ఆలస్యమైతే దాన్ని తిట్టుకుంటూ మెట్లెక్కే రకం.

ఆ వానాకాలంలో ఆఫీసు ఎదుటి బండి దగ్గర గుప్‌చుప్ తిన్నాను. పానీపూరీని ఇక్కడ అలా అంటారు. వానల్లో బండి మీద నీళ్ళు తాగొద్దని అమ్మ మొత్తుకుంటూనే ఉంది. పెద్దల మాట చద్దిమూట అంటారు గాని, గుప్‌చుప్ ముందు చద్దిమూట ఎవరు విప్పుతారు? కడుపు పాడై నాలుగు రోజులు మంచాన పడి లేచాను. పీడ వదిలిందనుకున్నాను. రెండు వారాలు తిరిగాయో లేదో, పాదాల్లో తిమ్మిరి మొదలైంది. మందపాటి మేజోళ్ళు తొడుక్కుని నడుస్తున్నట్టుండేది. ఒక రోజు ఆఫీసు మెట్ల మీద ఎడమకాలి చెప్పు జారిపోయింది. పై అంతస్తుకు చేరాక, పక్క సీటావిడ నా కాలు చూసి నవ్వేదాకా ఆ సంగతి నాకు తెలియలేదు.

మర్నాడు మోకాళ్ళు నిలవలేదు. ఆ మర్నాటికి గ్లాసు ఎత్తలేకపోయాను. ఆసుపత్రిలో డాక్టరు చిన్న సుత్తితో మోకాలి కింద కొట్టాడు. కాలు దానంతటదే ఎగరాలి. ఎగరలేదు. మళ్ళీ కొట్టాడు. ఆయన మొహంలో ఏమీ కనిపించలేదు గాని, మూడోసారి కొట్టకుండా సుత్తి జేబులో పెట్టుకున్నాడు. అదే నన్ను భయపెట్టింది.

తర్వాత మా ఆయన్నీ అమ్మనూ కూర్చోబెట్టి హిందీలో నిదానంగా చెప్పాడు. ఒంట్లో నరాలు తీగల్లాంటివి, వాటి మీద కొవ్వుతో చేసిన తొడుగు ఉంటుంది. ఆ తొడుగులో మధ్యమధ్య సందులుంటాయి. కబురు ఒక సందు నుంచి ఇంకో సందుకు దూకుతూ పోతుంది, అందుకే అంత వేగం. కడుపులో చేరిన క్రిమి మీద యుద్ధానికి వెళ్ళిన నా ఒంటి సైన్యమే, ఆ తొడుగు కూడా క్రిమిలాగే ఉందనుకుని దాని మీద పడింది. దొంగ పారిపోయాక కాపలా కుక్క ఇంటివాణ్ణి కరిచినట్టన్నమాట. ఈ జబ్బు కాళ్ళ నుంచి పైకి ఎక్కుతుందట. ఎక్కడ ఆగుతుందో చెప్పలేమట. తగ్గేటప్పుడు పై నుంచి కిందికి దిగుతుందట, అంటే పాదాలు అన్నిటికన్నా చివర.

నడుస్తుందా అని అమ్మ అడిగింది. తొడుగు ఒక్కటే పోయి ఉంటే తొందరగానే నడుస్తుందన్నాడు డాక్టరు. తొడుగు మళ్ళీ అల్లుకుంటుంది. లోపలి తీగ కూడా తెగితే మాత్రం అది మొదటి నుంచి పెరుగుతూ రావాలి, మహా అయితే రోజుకు ఒక మిల్లీమీటరు. పాదం దాకా వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేం. అమ్మ తన బొటనవేలి గోరు చూసుకుంది. తర్వాత దుప్పటి కింద ఉన్న నా కాళ్ళ పొడవు చూసింది.

జబ్బు మెడ దాకా ఎక్కింది. ఊపిరి పీల్చే కండరాలకు కబురు అందడం మానేసింది. గొంతులోకి గొట్టం వేసి మిషనుకు కలిపారు. మొహం కూడా కదలదు, కళ్ళు కూడా మూతపడవు. రాత్రి నర్సు రెప్పలు దించి పట్టీ వేసేది. మెలకువగానే ఉన్నాను, అన్నీ తెలుస్తున్నాయి. ఔనంటే కళ్ళు పైకి, కాదంటే పక్కకి. అదొక్కటే నాకు మిగిలిన భాష.

భయం వేసింది. చచ్చేంత భయం వేసింది. కాని ఆ భయం పక్కనే ఇంకొకటి కూడా మెల్లిగా వచ్చి కూర్చుంది. గుండె కొట్టుకుంటూనే ఉంది. ముక్కు గొట్టంలోంచి పోసిన జావ అరుగుతూనే ఉంది. మా ఆయన డ్యూటీ బట్టలతోనే వచ్చి మంచం పక్కన నిలబడితే కళ్ళల్లో నీళ్ళు ఊరుతూనే ఉన్నాయి. వీటిలో ఒక్కటీ నన్ను అడిగి జరగడం లేదు. ఇంటి యజమానురాలిని నేనే అనుకుని ఇన్నాళ్ళూ పెత్తనం చేశాను. తీరా చూస్తే నేను ముందుగదిలో అద్దెకున్నదాన్ని. వెనక వైపు ఎంత ఇల్లుందో, ఎంతమంది పనిచేస్తున్నారో నాకేమీ తెలియదు.

ఒక మధ్యాహ్నం చెంప మీద దోమ వాలింది. దాని కాళ్ళు ఆనడం తెలిసింది, కుట్టడం తెలిసింది. పోయే కబుర్లు ఆగిపోయాయి గాని, వచ్చే కబుర్లు చాలావరకు వస్తూనే ఉన్నాయి. చెయ్యి ఎత్తాలని నేను లోపల ఎంత అరిచినా ఎవరూ పలకలేదు. అంతలో అమ్మ చెయ్యి వచ్చి దోమను కొట్టేసింది. ఆ క్షణంలో నేను చూసింది ఇప్పటికీ మరిచిపోలేను. ఆవాలంత దోమ అమ్మ కంట్లో పడాలి. ఆ బొమ్మ తల వెనక భాగానికి వెళ్ళాలి, దోమ అని పోల్చుకోవాలి. హుకుం వెన్ను దిగి, భుజం దాటి వేళ్ళకు చేరాలి. నా చెంప నొవ్వకుండా, దోమ మాత్రం చచ్చేంత బలంతో చెయ్యి సరిగ్గా అక్కడే ఆగాలి. ఇంతా జరగడానికి దోమ ఎగిరిపోయేంత సమయం కూడా పట్టలేదు. పైగా అమ్మ ఈ పని చేస్తున్నంతసేపూ దుప్పటి మార్చలేదని నర్సుతో హిందీలో పోట్లాడుతూనే ఉంది. నేను జీవితంలో గుళ్ళో కూడా అంత భక్తిగా ఎవరినీ చూడలేదు.

దీపావళి దాటాక నా ఊపిరి నేను పీల్చుకున్నాను. గొట్టం తీసేశారు. నా నోట వచ్చిన మొదటి మాట ‘ఫ్యాను’. ఇన్నాళ్ళ మౌనం తర్వాత ఇంతకన్నా గొప్ప మాట దొరకలేదా అని మా ఆయన ఇప్పటికీ ఏడిపిస్తాడు. మర్నాడు అమ్మ గోల్ బజార్ అంతా తిరిగి ఒక పొట్లం తెచ్చింది. అందులో పంచదారతో పోత పోసిన ఏనుగులు, గుర్రాలు. దీపావళికి ఇక్కడ అమ్ముతారు, అమ్ముడుపోనివి ఏ కొట్టులోనో మిగిలాయి.

అవి ఎందుకో నాకు అర్థం కాలేదు. అమ్మే చెప్పింది, పలుకులకు చిలకలు పంచాలని. మా వైపు పసిపిల్లలకు చేసే ముచ్చట అది. బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, పాకితే పాకుండలు, అడుగులకు అరిసెలు, పలుకులకు చిలకలు. ఇంటింటికీ కాస్త మారుతుంది గాని వరస ఇదే. పంచదార చిలకలు రాయపూర్‌లో దొరక్క ఏనుగులు తెచ్చింది. వార్డులో అందరికీ తలొకటి పంచింది. డాక్టరు చేతిలో కూడా గుర్రం పెట్టింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. మరో రెండేళ్ళయితే నలభై నిండుతాయి, నాకు పలుకుల పండగా? అప్పటికి గొంతు సరిగ్గా లేక తిట్టలేకపోయాను. ఇంటికొచ్చాక, ఒక రోజు మంచం మీద ఎవరి సాయం లేకుండా పక్కకి ఒత్తిగిలి బోర్లా పడ్డాను. మధ్యాహ్నానికి ఇల్లంతా శనగపప్పు, బెల్లం వాసన. ఈసారి గొంతు ఉంది. ఎందుకమ్మా నన్ను నలుగురిలో నవ్వులపాలు చేస్తావని గట్టిగానే అరిచాను.

అమ్మ బొబ్బట్టు తిరగేసి, పొయ్యి తగ్గించి, వచ్చి నా మంచం పక్కన నిలబడింది. “నువ్వు మళ్ళీ పుట్టినావే. ఓసారి పుట్టినప్పుడు అన్నీ చేసినాను. రెండోసారి పుడితే మానీమంటావేటి?” అంది.

మా ఇంట్లో ఆ పిండివంటలు ఎవరికోసమూ చేయాల్సిన అవసరం పడలేదు. అమ్మ ఆ మాట ఎప్పుడూ పైకి అనలేదు, ఆ రోజు కూడా అనలేదు. వంటింటి గుమ్మం ఎదురుగా నా మంచం వేశారు కాబట్టి ఆవిడ చేతులు కనిపిస్తున్నాయి. నూనె రాసిన ప్లాస్టిక్ కాగితం మీద పిండి ముద్ద పెట్టి వేళ్ళతో ఒత్తుతోంది. ఊళ్ళో ఉన్న చెల్లెలితో ఫోన్లో మాట్లాడుతోంది. వేళ్ళ వైపు చూడటం లేదు. అయినా బొబ్బట్టు గుండ్రంగా, అంచుల దాకా ఒకే మందంగా సాగుతోంది. ఎక్కడ పల్చబడిందో వేలు కనిపెట్టి చెబుతోంది, చెప్పిన మరుక్షణం ఇంకో వేలు అక్కడ ఆగుతోంది. పోయేవీ వచ్చేవీ, ఎన్ని వేల కబుర్లో! చిన్నప్పటి నుంచి తింటున్న బొబ్బట్టు వెనక ఇంత జరుగుతోందని నాకు అంతవరకు తెలియదు. ఆ రోజు మూడు తిన్నాను.

చుట్టుపక్కలవాళ్ళు చూడటానికి వచ్చేవాళ్ళు. రైలుపట్టాల పక్క గోడల మీద ‘నసోం కీ కమ్‌జోరీ’ అని పెద్ద పెద్ద అక్షరాలతో రాసే మందు ఒకాయన తెచ్చిచ్చాడు. ఆ నరాల బలహీనత వేరు, ఈ నరాల సంగతి వేరని మా ఆయన ఆయనకు చెప్పలేక పడిన తిప్పలు చూసి చాలా రోజుల తర్వాత కడుపారా నవ్వాను. నవ్వడానికి పొట్ట కండరాలు కావాలి, అవీ వచ్చేశాయని అలా తెలిసింది.

కూర్చున్నాను, కుడుములు వచ్చాయి. రోజూ ఉదయం దిట్టంగా ఉండే ఒక పెద్దాయన వచ్చి వ్యాయామం చేయించేవాడు. బీర్‌గావ్ నుంచి స్కూటరు మీద వచ్చేవాడు, మాటంతా ఛత్తీస్‌గఢీ. నన్ను బహినీ, అంటే చెల్లెమ్మా, అని పిలిచేవాడు. చాప మీద మోకాళ్ళూ చేతులూ ఆనించి పాకించాడు. పాకుండలు వచ్చాయి. ఇప్పుడు నేను అరవడం మానేశాను. నిజం చెప్పాలంటే, తర్వాతి పిండివంట కోసం ఎదురుచూస్తున్నాను. పసిపిల్లకు కూడా పై నుంచి కిందికే వస్తుందట, మెడ నిలవడం, తర్వాత నడుము, తర్వాత కాళ్ళు. నరాల మీద తొడుగు అలా ఒక్కొక్కచోటే ముదురుతూ వస్తుందని డాక్టరు చెప్పాడు. మా ముత్తవ్వలకు ఈ సంగతి తెలియదు. వాళ్ళు బిడ్డల్ని చూశారు, చూసిన ప్రతిసారీ ఆశ్చర్యపోయి పొయ్యి వెలిగించారు.

ఒక రోజు డాక్టరు మళ్ళీ సుత్తితో మోకాలి కింద కొట్టాడు. కాలు ఎగిరింది. చిన్నగా, సిగ్గుపడుతున్నట్టు ఎగిరింది. నేను ఎగరెయ్యలేదు. ఆ దెబ్బ కబురు వెన్ను దాకా వెళ్ళి, తలను అడక్కుండా అక్కడి నుంచే జవాబు తీసుకుని వెనక్కి వచ్చేస్తుందట. తలకు తర్వాత తెలుపుతారు. నన్ను అడక్కుండా నా కాలు ఎగిరినందుకు నేను అంత సంతోషపడతానని ఎప్పుడూ అనుకోలేదు. ఆసుపత్రిలోనే భోరుమన్నాను.

అక్కడితో ఆగిపోయింది. తొడలు వచ్చాయి, మోకాళ్ళు వచ్చాయి. మడమల దగ్గర అంతా నిశ్శబ్దం. పట్టుకుని నిలబెడితే పాదాలు ముందుకు వేలాడేవి, అడుగు వెయ్యబోతే వేళ్ళు నేలను గీసుకునేవి. డాక్టరు చిన్న చిన్న కరెంటు దెబ్బలు కొట్టి పరీక్ష చేసి, పాదాలకు వెళ్ళే తీగలు కొన్ని లోపల కూడా దెబ్బతిన్నాయన్నాడు. నడుము దగ్గర వెన్నులో ఉన్న ఒకే ఒక్క కణం, కంటికి కూడా కనిపించనిది, తన తోకను కాలివేళ్ళ దాకా చాపుతుందట. ఎవరి తోక ఎక్కడ తెగిందో, ఎంత పెరిగిందో చూసే దారి లేదు. రావచ్చు, రాకపోవచ్చు. మందపాటి మేజోళ్ళు తొడిగినట్టుండే ఆ తిమ్మిరి కూడా పాదాలను వదల్లేదు.

వ్యాయామం చేయించే ఆయన మాత్రం ఆశ వదలడు. నా చీలమండ కాస్త వణికినట్టు కనిపిస్తే చాలు, వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి “కాలీ రేంగబో బహినీ” అనేవాడు. రేపు నడుద్దాం చెల్లెమ్మా అని. ఆ రేపు వచ్చేది, నేను నడిచేదాన్ని కాదు. అలా ఎన్ని రేపులు పోయాయో. మొదట్లో ఆ మాట వింటే ఒళ్ళు పులకరించేది. తర్వాత తర్వాత గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని.

ఆ నెలల్లోనే అమ్మకు ఒక కొత్త అలవాటు పట్టుకుంది. చీలా వెయ్యడం. ఉత్త బియ్యప్పిండితో పెనం మీద వేసే అట్టు, ఇక్కడివాళ్ళు రోజూ తినేది. ఇన్నేళ్ళలో అమ్మ ఒక్కసారి కూడా వెయ్యలేదు, మినప్పప్పు లేని అట్టు అట్టే కాదనేది. అలాంటి మనిషి పక్కింటావిడను అడిగి మరీ నేర్చుకుంది. పెసరట్టు తిందామని లేస్తే చీలా. ఇడ్లీ ఉంటుందనుకుంటే చీలా. ఒకసారి కంచం పక్కకి నెట్టేసి, నాకే కాళ్ళు పోయాయనుకున్నాను, నీకు చేతులు కూడా పోయాయా అన్నాను. అమ్మ నవ్వి, కొత్తిమీర పచ్చడి ఇంకాస్త వేసింది. పెద్దదైపోతోంది, ఓపిక తగ్గుతోంది కాబోలని నేను అనుకున్నాను.

ఇంకో రోజు కోపంలో, ఇక అరిసెల సంగతి మరిచిపో, నా కాళ్ళకు ఆ రాత లేదు అనేశాను. అమ్మ గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఎండాకాలం వచ్చింది. వ్యాయామం ఆయన ఊళ్ళో పెళ్ళి ఉందని కొన్ని రోజులు రానన్నాడు. ఒక ఉదయం అమ్మ వరండాలో పాత చీర పరిచి గుమ్మడి వడియాలు పెట్టి, స్నానానికి వెళ్ళింది. నన్ను ముందుగదిలో కుర్చీలో కూర్చోబెట్టి కాపలా పెట్టింది. కాపలా అంటే ఏముంది, చూస్తూ ఉండటమే. మా వీధి ఆవుల సంగతి మీకు తెలియదు. గేటు గడియ మూతితో తీస్తాయి. ఒక ఎర్రావు తీసింది. తలుపు పూర్తిగా తెరవకముందే మెడ సాచి, చీర కొంగు మీది వడియాలు ఒక వరస నాకేసింది.

హట్ అని అరిచాను. అది నా వైపు చూసి, నన్ను పూర్తిగా అంచనా వేసి, రెండో వరస మొదలుపెట్టింది. నాకు పిచ్చి కోపం వచ్చింది. అమ్మ తెల్లవారకుండా లేచి గుమ్మడికాయ కోరిన కష్టమంతా దాని నోట్లోకి పోతోంది. నీ పని చెబుతా ఉండు అంటూ వెళ్ళి దాని నుదుటి మీద చెయ్యి వేసి నెట్టాను.

దాని నుదురు వెచ్చగా ఉంది. అప్పుడు తెలిసింది, నా చెయ్యి ఆవు నుదుటి మీద ఉందని. కుర్చీ వెనక ఎక్కడో ఉంది. మధ్యలో గుమ్మం ఉంది. ఆ గుమ్మం నేను దాటాను. ఎవరూ పట్టుకోలేదు, నేనూ దేన్నీ పట్టుకోలేదు. బొటనవేలా కదులు అని నెలల తరబడి బతిమాలితే పలకనివాళ్ళు, నేను వాళ్ళను మరిచిపోయి ఆవు మీదికి వెళ్ళిన క్షణంలో, ఏ మాటా అడక్కుండా నా పాదాలు ఎత్తి ముందుకు వేశారు. ఎప్పటిలాగే. ఒళ్ళంతా జలదరించింది. ఆవు నుదుటినే ఆనుకుని నిలబడిపోయాను. అది కూడా ఎందుకో కదల్లేదు.

అమ్మ తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుంటూ వచ్చింది. ఖాళీ కుర్చీ చూసింది, నన్ను చూసింది, నా పాదాలు చూసింది. సంతోషంగా కేక వేస్తుందనుకున్నాను. ఆవిడ మొహం ఏదో తప్పు చేసినదానిలా అయిపోయింది.

“ఇన్నిసార్లు నానేసినాను. ఈ రోజే బియ్యం నానెయ్యనేదే తల్లీ” అంది.

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. తర్వాత అంతా అర్థమైంది. అరిసెల బియ్యం ఒక పగలూ ఒక రాత్రీ నానాలి. తడి బియ్యం పిండి పట్టి, ఆరకుండానే పాకంలో కలపాలి. గుమ్మం దగ్గర ఆయన ‘కాలీ రేంగబో’ అన్న ప్రతిసారీ వంటింట్లో అమ్మ బియ్యం నానబెట్టింది. నేను నడవని ప్రతి ‘రేపు’ తర్వాతా ఆ బియ్యం రుబ్బి చీలా వేసింది. నేను గోడ వైపు తిరిగి పడుకున్న రోజుల్లో కూడా వేసింది. అరిసెలు మరిచిపో అన్నాక కూడా. నేను తిట్టుకుంటూ తిన్న ఒక్కొక్క చీలా, నేను నడుస్తానని అమ్మ నమ్మిన ఒక్కొక్క రోజు.

మా ఆయన ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి బియ్యం నానుతోంది. మర్నాడు సాయంత్రం అమ్మ తెల్లటి పంచె పరిచి, దాని మీద వేడి తగ్గిన అరిసెలు వరసగా పేర్చింది. పసిపిల్ల బరువుకు అరిసె నిలుస్తుంది గాని నా బరువుకు ముక్కలైపోతుందని మా ఆయన అన్నాడు. అమ్మ వినలేదు. నా రెండు చేతులూ పట్టుకుని ఎదురుగా నిలబడి, వెనక్కి నడవడం మొదలుపెట్టింది.

మొదటి అరిసె మీద కుడి పాదం మోపాను. మెత్తగా నలిగింది. ఆ తిమ్మిరి మేజోళ్ళ లోపలి నుంచి, చాలా దూరం నుంచి, ఏదో వచ్చింది. గోరువెచ్చగా ఉంది. నూనె జిడ్డుగా ఉంది. ఇంకో అడుగు వేశాను. అరికాలి నడుమ ఒకచోట సన్నగా, గరుకుగా ఏదో తగిలింది. అరిసె మీద అద్దిన నువ్వుగింజ.

“నువ్వులు తగుల్తున్నాయమ్మా” అన్నాను.

అమ్మ చేతులు వదల్లేదు. తల ఊపి, నన్ను ఇంకో అడుగు ముందుకు లాగింది.